ఆటో వెనక మాట, ఆటో ముందు మనిషి: ఒక రేడియం షాపు ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు ఏంటంటే

కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గర నాది రేడియం స్టిక్కర్ల షాపు. ఆటోలు, టిప్పర్లు, ట్రాక్టర్ ట్రాలీలు, కాలేజీ పిల్లల బైకులు, ఈ మధ్య ఇళ్ల గోడలు కూడా. నంబర్ ప్లేట్ల తర్వాత మా దగ్గర ఎక్కువగా పోయేవి మంచి మాటలే. ‘కష్టే ఫలి’, ‘అమ్మ దీవెన’, ‘నిదానమే ప్రధానం’, ‘నన్ను చూసి ఏడవకురా’. ఆఖరిదానికి ఏ సీజన్లోనూ గిరాకీ తగ్గదు. ఎవరైనా కొత్త మాట తెస్తే తప్పులు పోకుండా ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసి పెట్టుకుంటాను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు పాత నోట్‌బుక్కు నీళ్లపాలైంది. ఇప్పుడున్నది ఆ తర్వాతిది, అదీ నిండిపోవచ్చింది.

ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ గమనించింది ఒకటే. ఆటో వెనక ఏం రాసినా అది వెనక వచ్చేవాళ్లు చదవడానికే. నడిపేవాడి కళ్ల ముందు దేవుడి బొమ్మ, నిమ్మకాయ దండ, స్పీడోమీటరు ఉంటాయి, అంతే. ‘నిదానమే ప్రధానం’ అని నేనే కట్ చేసి అతికించిన బండి సీ క్యాంప్ సెంటర్లో ఎడమ వైపు నుంచి దూసుకుపోవడం నా కళ్లతో చూశాను. అతన్ని అని లాభం లేదు. ఆ మాట అతనికి కనపడే చోటే లేదు కదా.

అందుకని ఈ ఏడాది చిన్న ప్రయోగం పెట్టుకున్నాను. నోట్‌బుక్కులోంచి ఐదు మాటలు తీసుకోవాలి. ఒక్కోదాన్నీ రోజూ చేసే ఒక పనిగా మార్చాలి. ఆ పని జరిగే చోటే, చేసే మనిషికి ఎదురుగా స్టిక్కర్ వేయాలి. పని అలవాటులో పడిందనిపించాక స్టిక్కర్ పీకేసి, ఆ తర్వాత కూడా సాగుతుందో లేదో చూడాలి. ఖర్చు పెద్దగా లేదు. రెండడుగుల వెడల్పు రోల్ మీద ఆర్డర్లు కట్ చేయగా మిగిలే పక్క ముక్కలు చాలు.

సంక్రాంతి తర్వాత

మాటలు ఎంచుకోవడమే పెద్ద పని అయింది. నేను పెట్టుకున్న షరతు ఒకటే: రాత్రి లైటు ఆర్పే ముందు ‘ఈ రోజు ఇది చేశానా?’ అని అడిగితే అవును, కాదు అని చెప్పగలగాలి. ‘గెలుపు నీదే’, ‘నిన్ను నువ్వు నమ్ము’ లాంటివి అక్కడే రాలిపోయాయి. మావాడు ఇంటర్ చదువుతున్నాడు. ‘నెవర్ గివ్ అప్’ పెట్టమని పట్టుబట్టాడు.

“దేన్ని వదలకూడదురా?” అన్నాను.

“అట్లా అడగకూడదు నాన్నా, అది ఫీల్ కోసం.”

ఫీల్ కోసం వచ్చేవాళ్ల మీదే మా షాపు నడుస్తోంది కాబట్టి నేనేమీ అనలేదు. వాడి స్టడీ టేబుల్‌కి ఒకటి కట్ చేసి ఇచ్చాను. ప్రాజెక్టులోకి మాత్రం తీసుకోలేదు.

నిలిచిన ఐదు ఇవి: ఆరోగ్యమే మహాభాగ్యం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. నేటి పని రేపటికి వాయిదా వేయకు. తన కోపమే తన శత్రువు. పుస్తకం హస్తభూషణం.

ముందు వీటిని ఉన్నవి ఉన్నట్టే కట్ చేశాను. తర్వాత మార్చేవాటితో పోల్చుకోవడానికి ఒక లెక్క ఉండాలి కదా. బంగారు రంగు రేడియం, అంచుకి నలుపు. ఫ్రిజ్ మీద ఒకటి, షాపులో గల్లా వెనక గోడకి రెండు, అద్దం పక్కన ఒకటి, మంచం తల వైపు ఒకటి. చూడటానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. పక్కన టీ అంగడి భాయ్ వచ్చి అన్నీ పైకి చదివి, “బాగున్నాయన్నా, నా అంగడికి గూడా ఒకటి కొట్టియ్యి” అన్నాడు. నేను మాత్రం వారం తిరిగేసరికి వాటిని చూడటమే మానేశాను. కళ్లు అటు పోతాయి, కానీ గోడకి ఉన్న రంగు ఎలాగో అవీ అలాగే. ఐదింట్లో ఏ ఒక్కదాని వల్లా నా రోజు ఇసుమంత కూడా మారలేదు.

కటింగ్ టేబుల్ దగ్గర

తర్వాతి దారి ప్లాటరే, అంటే స్టిక్కర్లు కోసే మిషనే చూపించింది.

ఈ పని తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. కోరల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అను అనే తెలుగు ఫాంటుతో అక్షరాలు పెట్టి ప్లాటర్‌కి పంపితే, బ్లేడు రేడియం పొరను మాత్రమే కోస్తుంది, కింది కాగితాన్ని ముట్టుకోదు. ఆ తర్వాతంతా చేతి పనే. అక్షరం చుట్టూ ఉన్న వేస్టును ఒక మూల నుంచి మెల్లగా లాగాలి. సున్నాల లోపలి బిళ్లలు, ఠ, థల పొట్టలోని చుక్కలు సూదితో పొడిచి తీయాలి. ఇంగ్లీషు అక్షరాలైతే చకచకా అయిపోతాయి. మన అక్షరాలకి కింద వత్తులు, పైన గుడులు, అన్నీ గుండ్రాలే. ‘కూర్చుని’లో చ వత్తు ఉంది చూశారా, అక్షరం ఎత్తు అర అంగుళం కంటే తగ్గిందంటే ఆ వత్తు వేస్టుతో పాటే లేచి వచ్చేస్తుంది. మళ్లీ కట్ చేయాలి. తర్వాత పైన ట్రాన్స్‌ఫర్ టేపు వేసి, పాత ఏటీఎం కార్డుతో రుద్ది, మొత్తం ఎత్తి, కావలసిన చోట పెట్టి మళ్లీ రుద్ది, టేపు వెనక్కి మడిచి లాగాలి. తొందరపడితే గాలి బుడగలు మిగులుతాయి.

నాకు కావలసిన చోట్లు చిన్నవి. షట్టర్ లాగే కడ్డీ, పాల సంచి తగిలించే మేకు పక్కన, ఫోన్ చార్జర్ ప్లగ్ పైన. అక్కడ ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ పట్టాలంటే అక్షరాలు చీమల్లా వస్తాయి, వత్తులు లేచిపోతాయి. మూడు నాలుగు మాటలే పడతాయి. ఆ మూడు నాలుగు మాటల్లో నీతి చెప్పడానికి చోటు లేదు. ఏం చేయాలో మాత్రం చెప్పొచ్చు.

కాబట్టి ఒక్కో మాటనీ పట్టుకుని, ‘ఇది నా ఇంట్లో, నా షాపులో ఎప్పుడు, ఏ వస్తువు దగ్గర జరగాలి?’ అని అడుగుతూ కూర్చున్నాను. రాత్రిళ్లు కరెంటు బిల్లుల వెనక వైపు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి.

శివరాత్రి నాటికి

రెండో విడత స్టిక్కర్లు సిద్ధమయ్యాయి.

ఆరోగ్యమే మహాభాగ్యం అన్నది ‘పాలకి – నడక’ అయింది. మా ఇంటి నుంచి పాల అంగడికి నడిచి పోయి రావడానికి అరగంట లోపే పడుతుంది, కానీ ఇన్నాళ్లూ బండి మీదే పోయేవాణ్ని.

కొండలు కరగడం గురించిన మాట ‘కడ్డీ పట్టే ముందు – లెక్క’ అయింది.

వాయిదా మాట ‘షట్టర్ ఎత్తితే – నిన్నటిది ఒకటి’. అంటే ఫోన్ తీసే ముందు నిన్న మిగిలిన ఆర్డర్లలో ఒకటి కట్ చేయాలి.

కోపం మాట ‘కోపం వస్తే – నీళ్లు’.

పుస్తకం సంగతి ‘చార్జర్ హాల్లో, పుస్తకం దిండు పక్కన’. ఇది పెద్దదైంది, చార్జర్ పైన రెండు వరుసల్లో అతికించాను.

ఇవన్నీ చూసి మావాడు ఫోన్లో ఏదో వెతికి, “నాన్నా, నువ్వు చేసేదాని మీద ఒక సైకాలజిస్టు పెద్ద పేపరే రాశాడు” అన్నాడు. న్యూయార్క్ యూనివర్సిటీలో పనిచేసిన పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన వ్యాసం అది. ‘నేను రోజూ నడవాలి’ అనుకోవడం వేరు, ‘ఫలానాది ఎదురైతే ఫలానాది చేస్తాను’ అని ముందే ముడి వేసుకోవడం వేరు అంటాడాయన. ఆ ముడి ఉంటే, సమయం వచ్చినప్పుడు కొత్తగా ఆలోచించి మనసు గట్టి చేసుకునే పని తగ్గుతుంది. 2006లో పాస్కల్ షీరన్‌తో కలిసి ఇలాంటి 94 పరీక్షల ఫలితాలు ఒకచోట చేర్చి చూస్తే, ఇలా ముడి వేసుకున్నవాళ్లే అనుకున్న పని బాగా చేయగలిగారని తేలింది. నేను రేడియం వేస్టు కాకూడదని చిన్నవి చేశాను, ఆయన మనుషుల మీద పరీక్షలు పెట్టి అక్కడికే వచ్చాడు. కాస్త గర్వంగానే అనిపించింది.

గల్లా లెక్క

ఐదింట్లో దీని మీదే ఎక్కువ కుస్తీ పట్టాను కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాను.

మొదట ‘రాత్రి 9కి లెక్క’ అనుకున్నాను. 9కి ఎవడో ఒకడు బండి పెట్టి నిలబడతాడు. “అన్నా, పొద్దున్నే తిరుమలకి పోతాండాం, గోవింద నామం కొట్టియ్యన్నా” అంటాడు. వాడు పోయేసరికి 10, ఆకలి, నీరసం. లెక్క రేపటికి పోతుంది. గడియారానికి కట్టిన పని మా లాంటి షాపుల్లో నిలబడదు. ఎన్నింటికి మూసినా, షట్టర్ కిందికి లాగకుండా మాత్రం ఇంటికి పోను. షట్టర్ లాగాలంటే కొక్కెం ఉన్న కడ్డీ కావాలి. అందుకని స్టిక్కర్ దాని మీదకి ఎక్కించాను.

అప్పుడు ఇంకో చిక్కు. కడ్డీ తీసుకున్నాక చదివి, మళ్లీ లోపలికి పోయి పుస్తకం వెతకడం బద్ధకం. అప్పటికే ఒక చెయ్యి కడ్డీ మీద ఉంది, బండి తాళం ఇంకో చేతిలో ఉంది. అందుకని లెక్కల పుస్తకానికి మూలన రంధ్రం చేసి, పురికొస కట్టి, కడ్డీ తగిలించే మేకుకే కడ్డీ మీదుగా వేలాడదీశాను. ఇప్పుడు పుస్తకం తీస్తే గానీ కడ్డీ రాదు. పెన్ను పెడితే తెల్లారేలోపు ఎవరో ఒకరు ‘ఒక్క నిమిషం అన్నా’ అని తీసుకుని జేబులో పెట్టుకుపోతారు. పెన్సిల్ కట్టాను, పెన్సిల్‌ని ఎవరూ ఎత్తుకుపోరు.

లెక్క కూడా తగ్గించాను. నగదు ఎంత, ఫోన్‌పేలో ఎంత, బాకీ ఎవరు. మూడు గీతలు. బాకీ గీత పెట్టాక ఒక విషయం బయటపడింది. ఖర్చు చేసి కరుగుతున్న కొండ పెద్దది కాదు. ‘సాయంత్రం ఇస్తాలే అన్నా’ అని పోయినవాళ్ల దగ్గరే అసలు కొండ ఉంది. ఇన్నాళ్లూ అవన్నీ నా నోటి లెక్కలో ఉండేవి, అంటే లేనట్టే. రాసి ఉంటే అడగడానికి మొహమాటం కూడా తగ్గుతుంది. పుస్తకం చూపిస్తే వాళ్లే జేబులోంచి ఫోన్ తీస్తున్నారు.

నడకకి బజ్జీ తోడైంది

పాలకి నడిచిపోవడం సులభంగానే పట్టుబడింది. పాల సంచి మేకు పక్కన స్టిక్కర్, బండి తాళం వేరే గదిలో. సంచి చేతికి వచ్చేసరికి కాళ్లు గడప దాటేవి.

అయితే నడిచి పోతుంటే దారిలో ఉగ్గాని బజ్జీ బండి తగులుతుంది. బండి మీద పోయేటప్పుడు అది కనపడేది కాదు. నడిచేవాడికి వేడి నూనె వాసన అర ఫర్లాంగు ముందే ఎదురొస్తుంది. మొదట ఏదో ఒక రోజు అని ఆగాను. తర్వాత నేను కనపడగానే ఆయన కాగితంలో పొట్లం కట్టడం మొదలుపెట్టాడు. ఒక అలవాటు చేసుకోబోతే దానికి తోక మొలిచింది, అదీ మిరపకాయ బజ్జీ తోక. పాల నడక అలవాటయ్యే లోపే బజ్జీ అలవాటైపోయింది. దానికి స్టిక్కర్ ఏమీ అక్కర్లేకుండానే!

మా ఆవిడ ఒక రోజు పాల సంచికి నూనె మరక చూసి, “ఆరోగ్యమే మహాభాగ్యమా, బజ్జీనే మహాభాగ్యమా?” అంది. ఆ మర్నాటి నుంచి వెనక వీధి గుండా పోతున్నాను. బజ్జీ మానాలని ఒట్టు పెట్టుకోలేదు, దారి మార్చానంతే. ఆదివారం మాత్రం పాత దారే.

అమ్మ బొట్టు

ఇది ప్రాజెక్టులో లేదు. దానంతటదే వచ్చి చేరింది.

అమ్మకి బీపీ మాత్ర రోజూ పొద్దున వేసుకోవాలని డాక్టరు చెప్పాడు. వేసుకున్నానో లేదో అని మధ్యాహ్నం అనుమానం, ఒక్కోసారి రెండుసార్లు వేసుకుందేమోనని మాకు టెన్షన్. నేను ఇల్లంతా స్టిక్కర్లు వేస్తుంటే చూసి, “నాకూ ఒకటి వెయ్యి నాయనా” అంది.

“ఏమని రాయాల మా?”

“నాకు చదువొస్తాదా? అక్షరాలు నాకెందుకు, ఒక బొట్టు పెట్టు.”

ఎర్ర రేడియంలో రూపాయి బిళ్లంత గుండ్రం కట్ చేసి కాఫీ పొడి డబ్బా మూతకి అతికించాను. అమ్మ పొద్దున లేచి మొదట ముట్టుకునేది ఆ డబ్బానే. మాత్రలు వారానికి సరిపడా ఏడు గళ్ల డబ్బాలో వేసి, దాని పక్కనే పెట్టాను. గడి ఖాళీ అయితే వేసుకున్నట్టు, నిండుగా ఉంటే వేసుకోనట్టు. అనుమానానికి తావే లేదు.

నా ఐదింటికంటే ముందు నిలబడింది ఇదే. ఒక్క అక్షరం లేదు, ఏ పెద్దమనిషి మాటా కాదు. అక్షరాలమ్ముకుని బతికేవాడికి ఇది కొంచెం గుచ్చుకునే సంగతే. రెండు రోజులు దీని గురించే ఆలోచించాను. మాట వల్ల ‘ఎందుకు’ అన్నది తెలుస్తుంది. అమ్మకి అది ఎప్పుడో తెలుసు, ఆమెకి కావలసింది ‘ఇప్పుడు’ అని వేలు పెట్టి చూపించే గుర్తు. నాకూ ఆరోగ్యం మహాభాగ్యమని తెలియక కాదు కదా బండి తీసింది.

ఉగాదికి

పంచాంగ శ్రవణం అయ్యాక బంధువుల్లో ఒకాయన, “ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందప్పా” అన్నాడు. ఈ మాట నా నోట్‌బుక్కులో కూడా ఉంది, ఒక జిమ్ వాళ్లు కొట్టించుకున్నారు. మా ఇంట్లో మాత్రం ఆ లెక్క ఎక్కడా సరిపోలేదు. నడక అంతకంటే ముందే కుదిరింది, గల్లా లెక్క ఇంకా చాలా రోజులు సతాయించింది.

ఆ 21 ఎక్కడిదో మావాడే తవ్వి తీశాడు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజుల దాకా పడుతోందని గమనించి 1960లో రాశాడు. ఆయన చెప్పింది ‘కనీసం’ అని, అదీ ముఖం గురించి. చేతులు మారుతూ మారుతూ కనీసం పోయింది, ముఖం పోయింది, 21 మిగిలింది.

అసలు లెక్క కట్టింది లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు. ఫిలిప్పా లాలీ, ఆమెతో పాటు పనిచేసినవాళ్లు 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరినీ తినేదో తాగేదో నడిచేదో ఒక పని ఎంచుకోమన్నారు. దాన్ని రోజూ ఒకే సందర్భానికి, ఉదాహరణకి టిఫిన్ తిన్న వెంటనే, కట్టుకోమన్నారు. 12 వారాలు చూశారు. తలచుకోకుండానే చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. తొందరగా వచ్చినవాళ్లకి 18, నిదానంగా వచ్చేవాళ్లకి లెక్క ప్రకారం 254 దాకా. 2010లో అచ్చయిన ఆ వ్యాసంలో నాకు బాగా పనికొచ్చింది ఇంకో ముక్క: మధ్యలో ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు పడటం దెబ్బతినలేదు. మనవాళ్లకి వ్రతం తప్పితే మళ్లీ మొదటి నుంచి అన్న భావన గట్టిది. నడక ఒక రోజు పోతే ‘ఇంక అయిపోయిందిలే’ అనిపించడం నాకూ తెలుసు. ఇప్పుడు తప్పిన రోజు పక్కన ఏ గుర్తూ పెట్టట్లేదు, మర్నాడు సంచి తీసుకుంటున్నాను.

ఎండలు ముదిరాక

కర్నూలు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం షాపు మూసేయాల్సిందే, మళ్లీ తెరిచేది సాయంత్రం. ఆరుబయట అతికించిన రేడియం అంచులు లేస్తున్నాయి, పెట్రోలు ట్యాంకు మీద వేసినవి ముడుచుకుంటున్నాయి. పెళ్లిళ్ల సీజన్, కార్ల మీద పేర్లు, బండ్లన్నీ ఒక్కసారే.

ఈ గందరగోళంలో ఏవి నిలిచాయో, ఏవి పోయాయో బాగా తెలిసింది.

‘షట్టర్ ఎత్తితే – నిన్నటిది ఒకటి’ పోయింది. రోజుకి రెండుసార్లు షట్టర్ ఎత్తుతున్నాను, ఎత్తేసరికే ఎదురుగా ఇద్దరు ముగ్గురు నిలబడి ఉంటున్నారు. వాళ్లని నిలబెట్టి నిన్నటి పని చేస్తే తిట్లు తినాలి. దీన్ని రాత్రికి మార్చాలా, అసలు వదిలేయాలా అని చూసి వదిలేశాను. నిన్నటిది నిన్ననే అయ్యే ఏర్పాటు ఇంకేదైనా ఉండాలి గానీ ఇది కాదు.

గల్లా లెక్క నిలిచింది. రోజుకి రెండుసార్లు మూసినా, కడ్డీ రెండుసార్లు పట్టినా, రెండుసార్లూ రాశాను.

నడక నిలిచింది, కాకపోతే ఇంకా పెందలాడే.

పుస్తకం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చార్జర్ హాల్లోకి పోయిన రోజే పని సగం అయిపోయింది. జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాలు గడువుకి తిరిగి ఇస్తున్నాను, కొన్ని చదివి, కొన్ని చదవకుండా.

కోపం మాత్రం రెండోసారి కట్ చేయాల్సి వచ్చింది. ‘కోపం వస్తే – నీళ్లు’ అన్నది ఒక్కసారి కూడా పనిచేయలేదు. కోపం వచ్చేటప్పుడు వచ్చానని చెప్పి రాదు. వచ్చి, నోరు జారి, గిరాకీ పోయాక ‘అదిగో కోపం’ అని తెలుస్తుంది. పాలసంచి చేతికి తగులుతుంది, కడ్డీ చేతికి తగులుతుంది, కోపం ఏ చేతికీ తగలదు. అందుకని అది వచ్చే తోవ చూశాను. పదింట తొమ్మిదిసార్లు “తగ్గించుకోన్నా, ఇంత చిన్నదానికి అంతనా?” అన్న మాటతోనే మొదలవుతుంది. ఆ మాట చెవికి వినపడుతుంది, దానికి ముడి వేయొచ్చు. కొత్త స్టిక్కర్: ‘తగ్గించు అంటే – టేపు’. కొలత టేపు తీసి, ఆయన ఎదురుగానే బండి మళ్లీ కొలిచి, అంగుళాలు, రేటు కాగితం మీద రాసి చేతిలో పెడతాను. చేతులకి పని దొరికితే నోరు ఆగుతోంది. కొన్నిసార్లు కొలిచేటప్పుడే నేను చెప్పిన రేటు ఎక్కువని తేలుతుంది, తగ్గిస్తాను. ఎక్కువసార్లు ఆయనే సరే అంటాడు. ఆ స్టిక్కర్ కౌంటర్‌కి నా వైపు లోపలి అంచున ఉంది, గిరాకీకి కనపడదు.

పీకి చూడటం

తొలకరి పడ్డాక, స్టిక్కర్లు తీసేసే పని పెట్టుకున్నాను. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో వేడి చేస్తే గమ్ మెత్తబడి నీట్‌గా వచ్చేస్తాయి. మిగిలిన జిగురుకి కొంచెం కిరోసిన్ గుడ్డ. “గోడ రంగు లేచిందంటే సున్నం మీరే కొట్టాల” అని మా ఆవిడ ముందే చెప్పి పెట్టింది. ఒకచోట లేచింది.

ఈ పీకి చూసే పని ఎందుకంటే, బోర్డు ఉన్నంతసేపు చేయడం, లేకపోతే మానడం కూడా ఉంటుంది. 1980లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఫిలడెల్ఫియాలో మెట్లు, ఎస్కలేటర్ పక్కపక్కనే ఉన్న చోట గుండె బొమ్మతో మెట్లెక్కమని బోర్డు పెట్టారు. బ్రౌనెల్, స్టంకార్డ్, ఆల్బమ్ అనే పరిశోధకుల పని అది. మెట్లెక్కేవాళ్లు బాగా పెరిగారు. బోర్డు తీశాక మెల్లగా తగ్గుతూ కొన్ని నెలలకి మళ్లీ మొదటికే వచ్చారు. చేసే చోటే బోర్డు పెడితే పనిచేస్తుందనడానికి ఇది సాక్ష్యం, బోర్డు ఒక్కటే చాలదనడానికీ ఇదే సాక్ష్యం. అక్కడ దారిన పోయేవాళ్లు రోజూ అదే మనుషులు కాకపోవచ్చు. మా ఇంట్లో అదే మనిషి, అదే మేకు.

మాకు తేలింది ఇది. పాల సంచి దగ్గర స్టిక్కర్ తీశాక తేడా ఏమీ లేదు. కడ్డీ మీది స్టిక్కర్ తీసినా లెక్క సాగుతోంది, ఎందుకంటే పుస్తకం ఇంకా కడ్డీకి అడ్డంగా వేలాడుతోంది. పుస్తకం కూడా తీసి చూశాను. మూడు రోజుల్లో లెక్క జారిపోయింది. మళ్లీ కట్టాను, ఇక తీయను. దీన్ని అలవాటు అనాలా, కట్టుదిట్టం అనాలా అని మావాడు అడిగాడు. పేరు ఏదైతేనేం, గల్లా లెక్క తేలుతోంది. టేపు స్టిక్కర్ తీసే ధైర్యం ఇంకా చేయలేదు, దసరా సీజన్ అయ్యాక చూస్తాను. అమ్మ బొట్టు జోలికి ఎవరమూ పోలేదు.

గిరాకీల మీద

ఒక ఆటో అతను వెనక అద్దానికి ‘నన్ను చూసి ఏడవకురా’ కొట్టించుకోవడానికి వచ్చాడు. అది అతికిస్తూ, “ముందర నీకోసం ఒకటి ఊరికే వేస్తా, ఉంచుకుంటావా?” అని అడిగాను. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడే మనిషి అని అతనే మాటల్లో చెప్పాడు. స్పీడోమీటరు కింద ‘ఫోన్ మోగితే – ఎడమకి ఆపు’ అని పసుపు మీద నలుపు వేసి పంపాను.

కొన్నాళ్లకి టైరు మీద చారలు వేయించుకోవడానికి వచ్చాడు.

“ఎట్లుంది?”

“ఫోన్ మోగితే చూపు ముందు దాని మీదికే పోతాందన్నా. ఆపేది మాత్రం అన్నిసార్లూ కాదు. సీ క్యాంప్ కాడ యాడ ఆపాల, ఆపితే వెనకోడు గుద్దుతాడు.”

న్యాయమే. ఆపడానికి చోటు లేని రోడ్డు మీద ఆపమని రాస్తే ఎలా. ‘ఫోన్ మోగితే – మోగనీ’ అని మార్చి ఇచ్చాను. అది చదివి గట్టిగా నవ్వి, స్టాండులో ఇంకో ఇద్దరికి కావాలని అడ్వాన్సు ఇచ్చి పోయాడు. ముందు వైపు మాటలకి రేటు ఎంత పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. చిన్నవి కాబట్టి రేడియం తక్కువే పడుతుంది, కానీ వాళ్లతో కూర్చుని ఏ పనికి ఏ ముడి అని తేల్చడానికి టీ రెండు రౌండ్లు పడుతోంది.

నెక్స్ట్ నాది హెల్మెట్. గల్లా పుస్తకం పద్ధతిలోనే బండి తాళం మేకుకి హెల్మెట్ ముందుగా తగిలించాలి, హెల్మెట్ తీయకుండా తాళం రాకూడదు. ఇప్పుడున్న మేకు ఆ బరువుకి ఊగుతోంది. పెద్ద కొక్కెం కొని పెట్టాను. గోడ అక్కడ కాంక్రీటు పిల్లర్, సుత్తికి లొంగదు. పక్క ఎలక్ట్రికల్ షాపులో డ్రిల్ మెషిన్ అడిగాను, ఆదివారం ఇస్తానన్నాడు.